మా గుమ్మంలో పడ్డ మేక

బావగారికి మరదలి సలాములు.

ఈ ఏడాది కోక్‌బోరు గుర్రపు ఆటల్లో మీ తమ్ముడికి బాగా గుర్తుండిపోయిందేదని అడిగారు. అది మైదానంలో కాదు, నిన్న మా గుమ్మంలో జరిగింది.

గొంతు ఆపరేషన్‌తో ఆయనకు మాట పోయింది కదా. అరవలేని ఆటకు వెళ్లి ఏం లాభమని నిన్న ఇంట్లోనే ఉన్నారు. పై ఊరి షాయిర్‌బెక్ గెలిచాడట. ఏళ్ల తరబడి గట్టు మీద నుంచి ఈయన తిట్టిపోసిన రౌతు అతనే. గెలిచినవాడు గుర్రాల మీద పోరాడి లాక్కున్న మేక కళేబరాన్ని తాను గౌరవించే ఇంటి ముందు పడేస్తాడు కదా. అది వచ్చి మా గుమ్మంలో దబ్బున పడింది. నా చేతిలో టీ గిన్నె జారిపోయింది.

షాయిర్‌బెక్ గుర్రం దిగకుండానే, "వదినా, అన్న ఏడీ? తిట్టేవాడు లేక ఇవాళ ఆట చప్పగా ఉంది" అన్నాడు.

మీ తమ్ముడు వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు. పెదవులు కదిపారు. నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. చెప్పమన్నట్టు నా వైపు గడ్డం ఎగరేశారు.

పెళ్లయ్యాక ఈ వాకిట్లో గొంతు పెంచి ఎరగను. ఊరంతా చూస్తుండగా అరిచేశాను. "పిండిబస్తాలా కూర్చున్నావురా, నీ గుర్రం సిగ్గుతో చస్తోంది."

షాయిర్‌బెక్ టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

ఆదివారం మళ్లీ ఆట ఉంది. నన్ను వెళ్లమని ఈయన తిట్లన్నీ కాగితం మీద రాసిస్తున్నారు. ఇంటికి పెద్దవారు మీరు, వెళ్లమంటారా? వద్దనేట్టయితే త్వరగా రాయండి. సగం తిట్లు అప్పుడే నోటికి వచ్చేశాయి.