మోగుతూనే ఉన్న ఫోను

విడపనకల్లు మండలం,
28-8-2005, ఆదివారం.

చిరంజీవి కొండప్పకు,

మీ వదిన రామలక్ష్మమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం ప్రాణాలతో ఉన్నాం. ఈసారి క్షేమం అన్న మాటకు ఇంతకన్నా ఏమీ రాయలేను. కొత్తచెరువులో నువ్వు, నా చెల్లెలు, పిల్లలు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

బుధవారం నుండి నువ్వు ఎన్నిసార్లు ఫోను చేసినా ముక్తసరిగా మాట్లాడి పెట్టేశాను. ఏమనుకోవద్దు. మీ అన్న మంచం పక్కన నిలబడి ఆ సంగతులు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు నీ భాగం చేను బయటివాళ్లకు అమ్మావని మీ అన్న నీతో మాటలు మానేశాడు కదా. అప్పటి నుండి నువ్వు కొనిచ్చిన ఆ చిన్న ఫోనులో రీచార్జి వేయించడం కూడా మానేశాడు. మొదట మనం చేసే ఫోన్లు పోయాయి. తర్వాత గడువు అయిపోయి, వచ్చే ఫోన్లూ ఆగిపోయాయి. అయినా అది ఆయన జేబు వదల్లేదు. టైము చూసేది దాంట్లోనే. పొద్దుగూకినాక గట్ల మీద నడవాలన్నా దాని టార్చే. ఒకసారి ఎద్దుల తొట్టిలో పడింది, ఎండలో ఆరబెడితే మళ్లీ వెలిగింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని మా ఊర్లో ఒక్కసారి చార్జింగు పెడితే రోజుల తరబడి నిలిచేది. అంత గట్టి ఫోను, ఎవరైనా పిలిస్తే మాత్రం పలకదు. రీచార్జి వేయించుకోమని నేను ఎన్నిసార్లు అన్నానో. “ఎవురు చేస్తారే మనకి?” అని నోరు మూయించేవాడు.

ఇక్కడ వాన లేదు. వేరుశనగ సరిగ్గా ఊడలు దిగే వేళకు మబ్బులు మొహం చాటేశాయి. ఉన్న బోరు కూడా నీళ్లు రాక గాలి ఊదుతోంది. మీ అన్న అన్నం తగ్గించాడు, మాట తగ్గించాడు. బుధవారం పొద్దున ఏమీ తినకుండానే చేనికి పోయాడు.

మధ్యాహ్నం సంగటి తీసుకుని వెళ్తే చేలో మనిషి లేడు. తువ్వాలు ఒక్కటే కంపచెట్టుకు వేలాడుతోంది. గొంతు పోయేలా పిలిచాను. పక్క చేను తిమ్మన్న పరిగెత్తుకొచ్చాడు. “పొద్దన్నే బోరు కాడ కూచోనుండె వదినా. అన్నా అంటే తలకాయ గూడ ఎత్తలే. మళ్ల యాడికి పోయినాడో తెల్దు” అన్నాడు. ఈ ఏడాది మా చుట్టుపక్కల ఇళ్లలో ఏమేం జరిగాయో నువ్వూ విన్నావు కదా.

తిమ్మన్న మనుషుల్ని పోగుచేసి వెతకడానికి బయలుదేరాడు. నేను ఊర్లోకి, కేశవులు శెట్టి అంగట్లో ఉన్న ఫోను బూతుకు ఉరికాను. మీ అన్న నంబరు కొడితే ఎవరో ఆడమనిషి గొంతు, ఈ నంబరు సేవలు నిలిపివేయబడినవి అంటుంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట, అదే తీరిక. నా మొగుడు కనబడటం లేదమ్మా అని ఆ గొంతుతో మొరపెట్టుకోవాలనిపించింది.

“ఎన్ని తూర్లు కొట్టినా అంతేనమ్మా, దాంట్లో గడువు అయిపోయిండాది” అన్నాడు శెట్టి. రీచార్జి చెయ్యన్నా అని బతిమాలాను. “నా కాడుండేది గీకే కార్డులు. దాని నంబరు ఆ ఫోన్లోనే కొట్టల్ల. ఇప్పుడు పెద్ద ఊర్లలో అంగట్లో నుంచే ఏసేది వచ్చిండాదంట. ఈడ ఇంకా లేదు” అన్నాడు.

అప్పుడు చేశాను నీకు. “ఈడికి రాలేదు వదినా. నా గడప తొక్కుతాడా ఆయప్ప?” అన్నావు. ఆ కాస్త మాటకే నాకు ఒళ్లు మండింది. “మీ పంతాలు మళ్ల చూసుకోండి కొండప్పా, మనిషి కనపల్లేదు! మీ ఊర్లో ఆ ఫోనుకు రీచార్జి ఎయ్యి. ఏసి, చేస్తానే ఉండు” అని అరిచాను. నా మాట పూర్తికాగానే నువ్వు పెట్టేశావు. వేయిస్తావో లేదో కూడా తెలియక మళ్లీ చేనికి పరిగెత్తాను.

పొద్దు వాలుతోంది. ఒక్కొక్కరూ వట్టి చేతులతో తిరిగి వస్తున్నారు. మన పాత బావిలోకి తిమ్మన్న అంతకుముందే పైనుంచి తొంగి చూశాడట. లోపల కంపలు అల్లుకుని ఏమీ కనబడలేదన్నాడు. ఇక పోలీసులకు చెప్పాలని పెద్దమనుషులు అనుకుంటున్నారు. అప్పుడు మా నందిని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మా! నాయన ఫోను మోగుతాండాది!”

అందరం చెవులు రిక్కించాం. గాలి తప్ప ఏమీ లేదు. పిల్ల భ్రమపడిందనుకున్నాను. ఇంతలో మళ్లీ వచ్చింది ఆ పాట, సన్నగా, భూమి లోపలి నుంచి వచ్చినట్టు. నాలుగడుగులు వేసేసరికి ఆగిపోయింది. మా ఇంట్లోనే సిగ్నలు సరిగ్గా ఉండదు, అంత లోతులో ఎంతసేపు నిలుస్తుంది? నిలబడిన చోటే నిలబడిపోయాం. కొండప్పా, చెయ్యప్పా, ఇంకొక్కసారి చెయ్యి అని గాల్లోకి చేతులు జోడించాను. నువ్వు చేశావు. మళ్లీ చేశావు. ఆ చప్పుడు పట్టుకునే బావి దగ్గరికి చేరాం.

తిమ్మన్న మోకు కట్టుకుని దిగాడు. సగం లోతులో, మన్ను కూలి పేరుకున్న దిబ్బ మీద పడి ఉన్నాడు మీ అన్న. కాలు విరిగింది. మొహమంతా నెత్తురు. కళ్లు తెరిచే ఉన్నాడు. “అన్నా, అంతగా పిలిస్తిమే, పలకరాదా!” అని తిమ్మన్న ఏడ్చేశాడు. మోటారు పైపు ఏమన్నా పనికొస్తుందేమో చూద్దామని వంగి, మీ అన్న కాలు జారి పడ్డాడట. ఫోను ఎగిరి రాళ్లలో, చెయ్యి అందని చోట పడిందట. దాన్ని ఎత్తి “దొరికినాడు, పానం ఉండాది” అని నీకు చెప్పింది తిమ్మన్నే.

అనంతపురం ఆసుపత్రిలో కాలికి కట్టు వేసి, నిన్ననే ఇంటికి పంపారు. మొన్న ఫోనులో నువ్వు “నేను రావల్లా వదినా?” అని అడిగావు. ఆయన నా మొహమే చూస్తున్నాడు. అందుకే జవాబు చెప్పలేదు.

చెల్లెలికి, పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన,
రామలక్ష్మమ్మ.

తా.క. ఉత్తరం మడుస్తుంటే ఏం రాశావో చదవమన్నాడు మీ అన్న. చదివాను. మొహం గోడ వైపు తిప్పుకుని, “వానికి అబద్ధం రాయొద్దు” అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“జారలేదు. నేనే దూకితి. ఫోను రాళ్లలో పళ్లేదు, నా చేతిలోనే ఉండె. తిమ్మన్నకి నేనే అట్ల చెప్పమంటి. చచ్చిన ఫోను మోగితే ఎవురా అని చూస్తి. వాని పేరు. ఎత్తితే ఏడుస్తానని ఎత్తలే. ఆపేద్దామంటే వేలు రాలే. మళ్ల మళ్ల చేస్తానే ఉండె. మోగనీలే అని గుండె మీద పెట్టుకుంటి.”

ఇంతే చెప్పాడు. నిన్ను రమ్మని ఆయన అనలేదు కొండప్పా, నేనంటున్నాను. ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. బస్సెక్కే ముందు ఆయనకు ఫోను చెయ్యి. ఎత్తకపోతే పెట్టేయొద్దు. మోగనివ్వు.