కండ కాదు, కండె

హిందూపురం,
ఆదివారం పగలు.

నాయనకు, నీ కూతురు వరలక్ష్మి ధర్మవరం దిక్కుకు తిరిగి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగున్నాను. నీ నడుము నొప్పి ఎట్లుంది? అవ్వ దగ్గు తగ్గిందా? అమ్మ ఎట్లుందని కూడా అడుగుతున్నాను. ఆమె సంగతి నువ్వు ఎప్పుడూ రాయవు.

పత్రికలో నా కవిత చదివి నువ్వు రాసిన కార్డు చేరింది. "ఋషి ఇంట్లో కండ ఏందే? సిగ్గుల్యాదా? ఇంగ ఈ దిక్కు రావద్దు" అని మూడే ముక్కలు రాశావు. ఆ కార్డు దిండు కింద పెట్టుకుని రెండు వారాలు పడుకున్నాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. కోపం దాచుకుని రాయడం నాకు రాదు.

మిల్లులో పని అలవాటైంది. ఇక్కడ ఎండ మన ఊరంత లేదు. నాతో గదిలో రొళ్ల ఊరి నుంచి వచ్చిన రత్నమ్మ ఉంటుంది, రాగి సంగటి బాగా చేస్తుంది. తిండికి లోటు లేదు, దిగులు పడవద్దు. మిషన్ల హోరులో పక్కమనిషి మాట కూడా వినపడదు. దూది పింజలు కిటికీ వెలుతురులో మబ్బుల్లాగా తేలుతుంటాయి. ఆ మబ్బుల్లో నాకు ఒకామె కనిపిస్తుంది నాయనా. లోకంలో ఇంకా ఎవరికీ గుడ్డ లేని కాలం. ఆమె రాట్నం ముందు కూర్చుని తామర తూడు దారం చుడుతుంటుంది. దారం ఎంత సన్నమంటే కంటికి ఆనదు, వేళ్ళకే తెలుస్తుంది. లోపలి నుంచి ఒక మగగొంతు "కండే!" అని అరుస్తుంది. ఆమె లేస్తుంది. ముఖం మాత్రం చూడలేకపోతున్నాను.

సెలవు రోజుల్లో లైబ్రరీకి పోతాను. ఇప్పుడు ఆడవాళ్ళు పురాణాలను తిరగేసి కవితలు రాస్తున్నారు. రాయిగా పడి ఉన్నామె నోరు తెరిచి అడుగుతుంది. అడవికి తోలేసినామె తిరిగిరానని చెబుతుంది. చదివినవే మళ్ళీ చదివాను. కానీ అందరూ రాణులు, ఋషుల పెండ్లాలే. నూలు చుట్టినామె ఒక్కతీ లేదు. ఒళ్ళు మండి నేనే రాశాను. మన గుడిలో చెప్పే కథే, దేవుళ్ళకు గుడ్డ నేసిన మన నేతగాళ్ళ మొదటి ఋషి కథ:

"మూడు లోకాలకు నేసినావంట స్వామీ,
నాడె ఖాళీ అయినప్పుడల్లా
ఎవరి దిక్కు చెయ్యి చాపినావు?
ఆమె చుట్టిన కండె లేకుంటే
దేవుళ్ళింకా ఆకుల చాటునే."

నేను రాసింది కండె. పత్రికలో అచ్చు వేసినవాళ్ళకు మగ్గం తెలియదు, అడ్డం నేసే పేక నూలు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే పుల్ల తెలియదు. తప్పు దిద్దుతున్నామనుకుని కండ చేశారు. నువ్వు చదివింది అది. ఋషి పెండ్లాం ఒంటి గురించి నేను రాయలేదు.

పోయిన ఆదివారం పెనుకొండలో కవుల సభ జరిగింది, నన్ను ఆ కవిత చదవమన్నారు. పత్రికాయన పక్కకు పిలిచి, "ఏమ్మా, కండ అనే చదువు. అచ్చుతప్పే గానీ, దాంట్లోనే లోతుండాది. ఆడదాని శరీరం గురించి గొప్ప మాట అది" అన్నాడు.

"సార్, మాయమ్మ ఏలు పట్టుదారం తెగ్గోసి గాడి పడిండాది. ఆ లోతు చాలదా మీకు?" అన్నాను.

కండె అనే చదివాను. సంచిలో ఉన్న కండె తీసి పైకెత్తి చూపించాను. ఊరు విడిచేటప్పుడు అమ్మ పెట్టె మీది నుంచి దొంగిలించి తెచ్చుకున్నది. చిన్నప్పుడు అమ్మ పేరే కండె అనుకున్నానని చెప్పాను. నువ్వు మగ్గం గుంతలో కూర్చుని పొద్దంతా "కండే!" అని అరుస్తావు, ఆమె పరిగెత్తుతుంది. వేరే పేరుతో నువ్వు పిలవగా నేను వినలేదు. బడిలో అమ్మ పేరేంటని అడిగితే కండె అని చెప్పి తన్నులు తిన్నాను.

సభలో నవ్వారు. వెనక వరుసలో మనవరాలితో వచ్చిన ఒక అవ్వ మాత్రం లేచి నిలబడి, "నవ్వద్దండప్పా. నా పేరూ కండే. మా ఇంట్లో నలబై ఏండ్లుగా నన్నట్లే పిలుస్తాండారు" అంది.

క్షమాపణ అడగను నాయనా. తప్పు చేస్తే అడిగేదాన్ని. కానీ ఇంటికి రావాలని ఉంది. మగ్గం చప్పుడు వినక నిద్ర సరిగా పట్టడం లేదు. వచ్చే నెల రెండు రోజులు సెలవు ఇస్తారు.

ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం అమ్మకు నువ్వే చదివి వినిపించాలి కదా. అప్పుడు "కండే" అనవద్దు. పేరు పెట్టి "ఆదెమ్మా" అని పిలువు. ఒక్కసారికే పలకకపోవచ్చు, ఎవరినో పిలుస్తున్నావనుకుంటుంది. మళ్ళీ పిలువు. ఆమె తిరిగి చూస్తే ఒక కార్డు మీద "పలికింది" అని రాయి. అది అందిన రోజే రైలెక్కుతాను.

అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పు. నన్ను తిట్టినా సరే, ఆ తిట్టులోనే దీవెన కూడా కలిపి పంపు.

నీ మగ్గం గుంత పక్కన అక్షరాలు దిద్దుకున్న,
ఆదెమ్మ కూతురు
వరలక్ష్మి