వెనక్కి జరిగే బస్సు టిక్కెట్టు

అమ్మాయ్,

మందుల షాపుకి వెళ్తున్నాను. నాలుగింటికి తమ్ముడికి నొప్పి మందు పట్టి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టు. లేవగానే హత్య కథ చదవమంటాడు. పుస్తకం కొంచెమే మిగిలిందని నేను రోజుకు నాలుగు పేజీలే చదువుతున్నాను. అయినా గుర్తుగా పెట్టిన బస్సు టిక్కెట్టు తెల్లారేసరికి మూడు పేజీలు వెనక్కి జరిగి ఉంటోంది. చదివిందే చదివినా వాడు కొత్తగా విన్నట్టే వింటాడు. "తర్వాతేమైందమ్మా?" అంటాడు. జరిపేది నువ్వేనా? నువ్వు కాకపోతే వాణ్ణి అడక్కు. డాక్టరు ఇంకో నెలే ఉంటాడన్న మాట వాడి చెవిన పడనివ్వలేదనుకున్నాం, పడ్డట్టుంది. టిక్కెట్టు ఎక్కడుంటే అక్కడి నుంచే చదువు.

వంటవాడే చంపాడని నా అనుమానం. "నీకు వంట చేసేవాళ్ళందరి మీదా అనుమానమేనమ్మా" అని నిన్న నవ్వాడు. ఎవరో తెలుసుకోవాలని నాకూ ప్రాణం కొట్టుకుంటోంది. చివరి పేజీ మాత్రం నువ్వూ తిప్పకు.