ఇరవై లెక్కపెట్టేలోగా

అక్కా,

అక్కడ నువ్వు కులాసా అనుకుంటాను. నాన్న తీసిన పాత వీధుల ఫొటోలు మ్యూజియంవాళ్ళు అడిగారు. వారం నుంచి స్టూడియోలో ఆ ఫొటోలున్న గాజు పలకలు తుడుస్తున్నాను.

నాన్న కెమెరా మూత తీసి ఇరవై దాకా లెక్కపెట్టేవాడు కదా. ఆలోగా నడిచిపోయేవాళ్ళెవరూ ఫొటోలో పడరు. అందుకే కిటకిటలాడే బజారు కూడా బోసిగా కనిపిస్తుంది. "నాన్న ఊరంతా మింగేశాడే!" అని నవ్వేదానివి.

పదకొండు పలకల్లో మాత్రం ఒకావిడ ఉంది. వంతెన దగ్గర, గడియారస్తంభం కింద, మన బడి గేటు ముందు, కదలకుండా నిలబడింది. గోడమీద పటంలో ఉన్న అమ్మే. పలకల అంచున నాన్న వేసిన తేదీలన్నీ నేను బడిలో చేరాకవే. నేను పొత్తిళ్ళలో ఉండగానే అమ్మ పోయిందని కదా మీరిద్దరూ చెప్పింది?

బడి గేటు పలకలో ఆవిడ చెయ్యి చాచి ఉంది. ఆ చేతి దగ్గర పొగలాంటి మరకలు రెండు, ఒకటి పొట్టిది, ఒకటి కాస్త పొడుగు. రెండూ గేటు లోపలికి చారల్లా సాగిపోయాయి.

పొట్టిది నేనే అయ్యుంటాను. పొడుగుది నువ్వు కాదని రాయి, నమ్ముతాను. నువ్వే అయితే మాత్రం, నాన్న ఇరవై లెక్కపెట్టేదాకా అయినా నన్ను అక్కడ ఉండనివ్వాల్సింది.