కొండబాబు కళ్ళకు దాచిన కాగితం

విశాఖపట్నం జిల్లా చోడవరం కాపురస్తుడు, కాలం చేసిన షేక్ ముస్తకీమ్ గారి కుమారుడు, స్టార్ ఫొటో స్టూడియో నడిపిన షేక్ సుభాని అను నేను, అరవై ఎనిమిదో ఏట, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. చెయ్యి వణకడం వల్ల అక్షరాలు వంకరగా ఉన్నాయి. అంతమాత్రాన బుద్ధి కూడా వంకరపోయిందని ఎవరూ వాదించకూడదు.

దీన్ని అమలు జరపవలసినవారు నా స్నేహితుడు, సుగర్ ఫ్యాక్టరీ గుమాస్తాగా రిటైరైన భానుప్రకాష్ గారు.

1. ఇల్లు, పొలం మా షరియత్ ప్రకారం నా భార్య రహమతున్నీసాకు, కుమారుడు సాదిక్‌కు వారి వారి వాటాల చొప్పున చెందుతాయి. వాటి జోలికి నేను పోను. నా ఆస్తిలో మూడో వంతు మించకుండా, వారసులు కానివారికి రాసే హక్కు నాకుంది. కోడలు తహమీనా వారసురాలు కాదు. అందుకే ఆమెకు రాస్తున్నాను. దీనికి సాదిక్ ఒప్పుకోలు అవసరం లేదు.

2. డార్క్‌రూం సామాను మొత్తం, నెగటివ్‌లు, రంగుల కుంచెలు నా దగ్గర పని నేర్చుకున్న తహమీనావి. మంచం కింద రేకు పెట్టెలో నల్లగుడ్డ చుట్టిన, ఫొటోలు ప్రింటు వేసే బ్రోమైడ్ కాగితం డబ్బా ఉంది. అదీ ఆమెదే. వెలుతురు తగిలితే ఆ కాగితం పాడైపోతుంది గనుక, ఎర్ర లైటు కింద తప్ప దాని మూత తీయకూడదు. లెక్కకోసం గానీ, లోపల ఏముందో చూడ్డానికి గానీ, పంచాయతీ పెద్దలు అడిగినా సరే, భానుప్రకాష్ గారు తీయనివ్వకూడదు.

3. ఆ డబ్బా ఎందుకంటే, బుచ్చయ్యపేట అప్పయమ్మ కోసం. ఆమె కొడుకు కొండబాబు పన్నెండో ఏట చెరకు తోటలో పాము కరిచి పోయాడు. అంతకు ముందు వాడికి ఒక్క ఫొటో కూడా లేదు. పాతిపెట్టే ముందు నన్ను పిలిపించారు. మూసిన కళ్ళతోనే ఫొటో తీసి, మన వైపు వాడుక ప్రకారం ప్రింటు మీద కుంచెతో కళ్ళు తెరిపించాను. ఎలా చూసేవాడని తల్లిని అడిగితే, "ఓరగా సూసీవోడు బాబూ, అబద్ధం సెప్పినప్పుడల్లా" అంది. అలాగే వేశాను. చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

పొయ్యి పొగకు, తేమకు ముఖం నిలుస్తుంది గాని, పైన వేసిన రంగు వెలిసిపోతుంది. నాలుగైదేళ్ళకోసారి ఆమె పటం కొంగులో చుట్టుకుని బస్సు దిగుతుంది. ఈ దసరాకూ వచ్చింది. "సాయిబు బాబూ, గుంటడు మళ్ళీ కళ్ళు మూసేస్తన్నాడు" అంది. ప్రింటు వేశాను. కన్ను దగ్గర చెయ్యి నిలవలేదు. మళ్ళీ వేశాను, మళ్ళీ అదే. ఉన్న కాగితం ఇంకా పాడు చెయ్యలేక డబ్బా మూసేశాను.

రంజాన్‌కు తహమీనా వస్తానంది. నేనుంటే పక్కన కూర్చుంటాను. లేకపోతే నలభయ్యో రోజు ఫాతిహా కాగానే ఆమె ఈ పని చెయ్యాలి. నల్లగుడ్లు రెండూ కొద్దిగా ఎడమకు. అప్పయమ్మ బతికున్నంతకాలం, ఆమె ఎప్పుడు పటం తెచ్చినా కాదనకూడదు.

4. వేరే కాగితం వాడితే పోదా అని ఎవరైనా అనవచ్చు. ముందు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఫిల్ము ఆగింది. తర్వాత ఈ మందపాటి కాగితం. విశాఖపట్నం దుకాణంలో ప్లాస్టిక్ పూత కాగితం చేతిలో పెట్టి, "ఇది ఇట్టే ఆరిపోతాది గురువుగారూ" అన్నారు. ఆరిపోతుంది, నిజమే. కాని దాని మీద కుంచె రంగు చెమట బొట్టులా జారిపోతుంది. పాత కాగితం రంగును తాగేది. తడిస్తే నూలుబట్టలా బరువెక్కేది. డెవలపర్ మందునీళ్ళ పళ్ళెం ఒక పక్క ఎత్తి దించుతుంటే ముందు జుట్టు, తర్వాత కనుబొమలు, ఆఖరికి ముఖం వచ్చేది. ఎన్ని వేలు వేసినా ముఖం వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి.

5. నా జమాఖర్చు పుస్తకాలు కూడా తహమీనాకే. చదవడానికి వాటిలో ఏమీ లేదు. ఆ కాగితం ఆరేటప్పుడు చుట్టుకుపోతుంది, పైన బరువు పెట్టాలి. ఇన్నాళ్ళూ వాటినే పెట్టాను.

6. భానుప్రకాష్ గారికి నా గొడుగు. "సచ్చినోడికి కళ్ళు తెరిపిస్తే ఏటి లాభం సాయిబూ" అని నలుగురిలో నవ్వారు. తర్వాత ఏడు వాళ్ళమ్మ గారి ఫొటో పట్టుకొని తలుపు కొట్టారు. ఆవిడకూ కళ్ళు తెరిపించి ఇచ్చాను. ఆ నవ్వు మాత్రం మరిచిపోలేదు.

7. రహమతున్నీసా వాటా ఆమెకు ఎలాగూ వస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆ కాగితం మీదే వేసిన ఆమె ఫొటో నా పెట్టె అడుగున ఉంది. ఎవరికీ చూపవద్దంది, చూపలేదు. ఆమె చేతికే ఇవ్వాలి.

8. సాదిక్ నిరుడు వేసవిలో స్టీలు ప్లాంటుకు సెలవు పెట్టి వచ్చి స్టూడియో సర్దాడు. పొలం దస్తావేజులు ఉన్నాయనుకుని ఇంకో నిండు డబ్బా పెరట్లో మంచం మీద బోర్లించాడు. మిట్టమధ్యాహ్నం. "ఏటీ లేదబ్బా, అన్నీ తెల్ల కాగితాలే" అన్నాడు. అప్పటికే ఎండకు అన్నీ పాడైపోయాయి, మూత పెట్టి దాచాను. ఇప్పుడు చెబుతున్నాను. అవి తెల్ల కాగితాలు కావు బాబూ. వాటిలో అప్పయమ్మకు ఇరవై ఏళ్ళు ఉన్నాయి.

ఆ పాడైన డబ్బా సాదిక్ దగ్గర ఉండాలని నా కోరిక. పారెయ్యకూడదు. ఒక కాగితం ఎండలో పెట్టి, నా మనవరాలు సనా చెయ్యి దాని మీద కదలకుండా ఉంచాలి. చుట్టూ ఊదారంగు తిరుగుతుంది, చెయ్యి తెల్లగా మిగులుతుంది. డెవలపర్ అక్కర్లేదు, బొమ్మను నిలబెట్టే హైపో మందులో ముంచి కడిగితే నిలుస్తుంది. ఎలాగో తన భార్య తహమీనాను అడగాలి. ఆమెకు తెలుసు.

9. నేను పోయాక నాకు ఫొటో తీయించకూడదు, కళ్ళు తెరిపించకూడదు. నేను చూడవలసినవి చూశాను. నా ఫొటోకు పోయే ఆ ఒక్క కాగితం కూడా కొండబాబుదే.

చోడవరం, 14 నవంబరు 1997.

(సంతకం) షేక్ సుభాని

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
1. యల్లపు పెదబాబు, టైలరు, చోడవరం
2. కె. రూపాదేవి, టీచరు, కె.కోటపాడు