నాయిన కాళ్లు

శనివారం. ముసురు ఇంకా వదల్లేదు.

మలక్‌పేటలోని పాత నవాబుల బంగళా, దేవిడీలో హార్ప్సికార్డ్ కచేరీ ఉందంటే నాయినను బలవంతంగా తీసుకెళ్లాను. మా ఎల్బీ నగర్ ఫ్లాట్లో రోజంతా టీవీ చూడటం కన్నా నయం అనుకున్నాను. పియానోకు ముత్తవ్వలాంటి వాయిద్యం అది. మీట నొక్కితే లోపల సన్నని ముల్లు తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ఒకటే చప్పుడు.

తడి గాలికి తీగలు శ్రుతి తప్పుతున్నాయని వాయించే ఆమె ప్రతి పాటకు ముందూ సరిచేసుకుంటోంది. విసుగొచ్చి అందరూ ఫోన్లు తీశారు. నాయిన మాత్రం ముందుకు వంగి చూస్తూ, "ముసురు పడితే మన పడుగు దారాలు గూడ గిట్లనే మొండికేస్తుండె బిడ్డా. ఓపిక పట్టాలె" అన్నాడు.

రెండో పాటలో ఆయన పాదాలు నేలను తొక్కడం మొదలుపెట్టాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పాటకు ఏమాత్రం కలవని తాళం. ముందు వరుసలో ఒకామె వెనక్కి తిరిగి చూసింది. నాకు సిగ్గేసి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. వెంటనే ఆగిపోయాడు.

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటాక మెల్లగా అన్నాడు: "కాళ్లు ఊకుంటలేవు. ఏమనుకోకు."

అప్పుడు తెలిసింది. అది తాళం కాదు. నలభై ఏళ్లు బట్ట నేస్తూ మగ్గం గుంటలోని చెక్కలను తొక్కిన తొక్కుడు. పోచంపల్లి ఇంట్లో ఆ మగ్గాన్ని పట్టుబట్టి అమ్మించింది నేనే. ఆ రోజు కూడా ఇలాగే నా మాటకే తలొగ్గాడు.

ఇప్పుడు సన్నగా గురక పెడుతూ పడుకున్నాడు. దుప్పటి కింద ఆ కాళ్లు మళ్లీ కదిలితే బాగుండునని ఇందాక తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అవి కదల్లేదు.