నీళ్ళు కొట్టని బ్లాకులు

3 మార్చి 2003, సోమవారం

నందిగామ నుంచి పేటకి బస్సులో గంట. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి పది. ఈ ఆరేళ్ళ పీహెచ్‌డీలో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం.

మా యూనివర్సిటీకీ ఈ సిమెంటు ఫ్యాక్టరీకీ ఎంఓయూ. నీళ్ళతో పని లేని బ్లాకు తయారు చేయాలి. మామూలు సిమెంటు బ్లాకుకి పోతపోశాక రెండు వారాలైనా రోజూ నీళ్ళు కొట్టాలి, లేకపోతే బలం రాదు. మెట్ట ఊళ్ళలో తాగడానికే ట్యాంకరు, ఇంక బ్లాకులకి ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని సిమెంటులోనే ఒక మందు కలుపుతున్నా. అది లోపలి తడి ఆరిపోకుండా పట్టి ఉంచాలి. ఇప్పటిదాకా ఉంచలేదు.

ఇరవై ఎనిమిది రోజులకి మెషీన్‌లో పెట్టి నొక్కితే నలభై టన్నులు తట్టుకోవాలి. నా రికార్డు ఇరవై ఎనిమిది టన్నులు.

19 మార్చి

గైడ్ కోటిలింగం గారు ఫోన్ చేశారు. మే ముప్పై ఒకటితో నీ రిజిస్ట్రేషన్ సరి, ఇంక ఎక్స్‌టెన్షన్ అడక్కమ్మా, ఈ బ్యాచ్‌తో తేల్చెయ్ అన్నారు. తేలకపోతే ఆరేళ్ళూ గోవిందా.

నాన్న కిరాణా షాపు కట్టేసి వచ్చి, ఆ ఇటుకేదో గట్టిపడేలోపు నీ తల నెరిసేట్టుందే మనోజ్ఞా అన్నాడు. అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చా.

7 ఏప్రిల్

కొత్త బ్యాచ్ పోశాం. ఇరవై నాలుగు బ్లాకులు. మందు పాళ్ళు మార్చా. యార్డులో మామూలు బ్లాకుల పక్కనే, మాడే ఎండలో పెట్టించా. వీటికి చుక్క నీరు పడకూడదని సూపర్‌వైజర్‌కి చెప్పా. మేనేజర్ జగన్నాథరావు గారికి కాగితం రాసిచ్చా. ఎంఓయూలో ఎలాగూ ఉంది.

మధ్యాహ్నం లూర్దమ్మ మజ్జిగ ఇచ్చింది. యార్డు మొత్తానికీ నీళ్ళు కొట్టేది ఆమే, ఇరవై ఏళ్ళ నుంచీ, రోజుకూలీకి. మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో, తింటున్నావా అసలు అని కసిరింది. తింటున్నా అన్నా. అబద్ధం.

21 ఏప్రిల్

నలభై నాలుగు డిగ్రీలు. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

5 మే

నలభై ఆరు! టన్నులు. డిగ్రీలు కాదు.

మెషీన్ ముల్లు ఇరవై ఎనిమిది దాటింది. ముప్పై అయిదు. నలభై. నలభై ఆరు దగ్గర ఫట్‌మంది. రెండోది నలభై అయిదు. మూడోది నలభై ఏడు. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి గైడ్ గారికి చెప్తే, సాధించావు తల్లీ అన్నారు. రిపోర్టు ఇవాళే ఫ్యాక్స్ చేయమన్నారు, చేసేశా. జగన్నాథరావు గారు అప్పుడే ఒక మెట్ట ఊరి బడికి రెండు గదులు ఈ బ్లాకులతో కట్టిస్తామంటున్నారు. ప్రెస్‌వాళ్ళని ఎప్పుడు పిలవాలట.

6 మే

యార్డులో లడ్డూలు పంచా. లూర్దమ్మ తన లడ్డూ కొంగున కట్టుకుని, నాకు ముందే తెలుసమ్మాయ్ అంది. నువ్వేమో పోతపోయించి వాటి మానాన ఎండకి వదిలేసి పోయావు, చదువు ధ్యాసలో మర్చిపోయావనుకున్నా అంది. తెల్లారుతూనే ముందు నీ వాటికే కొట్టి, తడి గోనెలు కప్పి, నీ బస్సొచ్చే వేళకి తీసేసేదాన్ని, నువ్వు మర్చిపోయావని తెలిస్తే సూపర్‌వైజరు నిన్ను తిడతాడని చెప్పలేదు అంది. పచ్చి సిమెంటుని దాహానికి వదిలేస్తే పాపం కాదూ అంది. ఆదివారాలు కూడా చర్చిలో పూజకి పోయేముందు వచ్చి కొట్టిందట.

అక్కడే కూలబడ్డా. వడదెబ్బేమో అని నా నెత్తిన కూడా నీళ్ళు పోసింది.

సూపర్‌వైజర్‌కి చెప్పా. మేనేజర్‌కి చెప్పా. కాగితం మీద రాశా. నీళ్ళు కొట్టే మనిషికి చెప్పలేదు. ఆమెకి చెప్పాలని నాకు తట్టనే లేదు. ఛీ, నా చదువు తగలెయ్య.

9 మే

గైడ్ గారికి చెప్పా, నీళ్ళు పడ్డాయని. ఎవరు కొట్టారో చెప్పలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. రిపోర్టు వెళ్ళిపోయింది కదమ్మా, మందు పనిచేసిందో నీళ్ళు పనిచేశాయో ఎవడు తవ్వి చూస్తాడు, ముందు థీసిస్ ఇచ్చెయ్ అన్నారు. మంచి మనిషే. అలిసిపోయారు. నేనూ అలిసిపోయా.

12 మే

ఇచ్చేస్తా. అంతే.

డీటీపీ వాడితో నాలుగో చాప్టర్‌లో నలభై ఆరు అని కొట్టించా.

13 మే

అన్నం సయించడం లేదు. ఆ బడి గదులే కళ్ళ ముందు. అక్కడ పోసే బ్లాకులకి నీళ్ళుండవు. లూర్దమ్మ ఉండదు.

22 మే

మా మేడ మీద అదే పాళ్ళతో మూడు బ్లాకులు పోసి, తలుపుకి తాళం వేశా. ఇవాళ్టికి ఏడు రోజులు. గోనెసంచిలో పేటకి మోసుకెళ్ళి పగలగొడితే పద్దెనిమిది. ఈ లెక్కన నెలకి ఇరవై ఏడు. ఎప్పటి పాటే.

28 మే

ఫ్యాక్టరీకీ యూనివర్సిటీకీ ఒకే ఉత్తరం ఇచ్చా. బ్లాకులు తడిశాయి, ఆ రిజల్ట్ చెల్లదు, బాధ్యత నాది.

జగన్నాథరావు గారు ఎవరు కొట్టారని మూడుసార్లు అడిగారు. పేరు చెబితే సాయంత్రానికి లూర్దమ్మ గేటు బయట ఉంటుంది. అలవాటుగా నేనే కొట్టానన్నా. ఇంత చదివి ఆ మాత్రం తెలీదా అని అందరి ముందూ అన్నారు. తెలీదండీ అన్నా.

31 మే

రిజిస్ట్రేషన్ అయిపోయింది. నాన్న ఈసారి ఇటుక మీద జోకు వేయలేదు. వేసుంటే బాగుండేది.

9 జూన్, బస్సులో

నా పుస్తకాలు తెచ్చుకోవడానికి పేట వెళ్ళా. నా చోట జయంత్ అని కొత్త స్కాలర్ చేరాడు. శనివారం కొత్త బ్యాచ్ పోశాడట. అన్నీ రూల్ ప్రకారం అందరికీ రాసిచ్చాడట.

లూర్దమ్మ బస్సు దాకా వచ్చింది. కిటికీ పట్టుకుని, నీ బ్లాకులు పోయినాయంటగా, రోజూ ఒక పూటే కొట్టా, నాదే పొరపాటు అంది. ఆ పిల్లాడి బ్లాకులకి రెండు పూటలా కొడుతున్నాలే, నువ్వు దిగులు పెట్టుకోమాక అంది. బస్సు కదిలింది.

దారిలో చిల్లకల్లులో దిగిపోయా. ఇప్పుడు మళ్ళీ పేట బస్సులో ఉన్నా, నిలబడి రాస్తున్నా. ఆమెకి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.